ఎర్ర నేల మీద లోలకం

మా వదిన నా కూతురిని క్లాసు మొత్తం ముందు అబద్ధాలకోరు అందన్న కబురు చేరేసరికి నేను తడి కర్టెన్ పిండుతున్నాను. విన్నాక కూడా పిండుతూనే ఉన్నాను. ఆ కర్టెన్‌ని ఇక ఆరేయాల్సిన అవసరం రాలేదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదివే స్కూల్లో ఫిజిక్స్ చెప్పేది ఆవిడే. ఇంట్లో అత్త, స్కూల్లో మేడమ్. చుట్టరికాన్ని గేటు బయట వదిలి లోపలికి రావాలన్నది ఆవిడ పెట్టిన నియమం. మా అమ్మాయికి కందిరీగ అని ముద్దుపేరు పెట్టిందీ ఆవిడే. నెలల పిల్లగా ఉన్నప్పుడు పెట్టింది కాబట్టి, కుడుతుందని అప్పటికి తెలియదు.

కందిరీగ బ్యాగు సోఫా మీదికీ, బూట్లు చెరో దిక్కుకీ విసిరి బాత్రూమ్ గుమ్మంలో నిలబడింది.

“అత్త నన్ను అబద్ధాలకోరంది.”

“ఏ విషయంలో?” అన్నాను. తల్లిని కదా, కారణాలు ఒకటికి మించి ఉండొచ్చని నా భయం.

“లోలకం విషయంలో.”

హమ్మయ్య అనుకున్నాను. అది పూర్తిగా వినక ముందు.

ఆ స్కూల్లో పోయినేడాది ఫిజిక్స్ ల్యాబ్ ఎత్తేశారు. బల్లలు తీసి కంప్యూటర్లు పెట్టారు, గోడకు పెద్ద తెర బిగించారు, తలుపు మీద ‘డిజిటల్ ప్రయోగశాల’ అని రాయించారు. లోలకం, కటకం, కరెంటు తీగ అన్నీ తెర మీదే. సిమ్యులేషన్ అంటారు దాన్ని. నాకు దాని మీద పగేమీ లేదు, మొదటే చెప్పేస్తున్నాను. కరెంటు పాఠం చెప్పిన వారం కందిరీగ ఇంటికొచ్చి, తీగలో చుక్కలు ఎలా నడుస్తాయో, బల్బు పెట్టగానే ఎలా ఇరుక్కుంటాయో చేతులు తిప్పుతూ చెబుతుంటే నాకు ముచ్చటేసింది. మా రోజుల్లో కరెంటు అంటే మాస్టారు చెప్పిన మాట. ఉందంటే ఉంది, అంతే. వీళ్లకి అది కళ్లముందు నడిచింది. మంచి వస్తువే. గొడవ వస్తువుతో కాదు.

ఇంటిపనిగా లోలకం రీడింగులు ఇచ్చారట. స్కూలు యాప్ తెరిచి, తెర మీద దారం పొడవు మారుస్తూ, ఒక ఊపుకి ఎంత సమయం పడుతోందో రాయాలి. మా ఇంట్లో యాప్ తెరుచుకోలేదు. గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. కందిరీగ దాని మొహం కాసేపు చూసి, నా కుట్టుమిషన్ సొరుగులోంచి దారం తీసి, సామాన్ల గది తాళంకప్ప దానికి కట్టి, హాలు గుమ్మం కర్టెన్ కడ్డీకి వేలాడదీసింది. నా ఫోన్‌లో టైము చూసి రీడింగులు తీసుకుంది. మర్నాడు స్కూల్లో వాటిని యాప్‌లోకి ఎక్కించింది. యాప్ ఎర్రగా వెలిగి, ‘రీడింగులు సరిపోలడం లేదు’ అంది.

మా వదిన ఆ ఎర్రటి పేజీని గోడ తెర మీదికి ఎక్కించి క్లాసందరికీ చూపించింది. “పని చేయకుండా అంకెలు కల్పిస్తే ఇలా ఉంటుంది” అంది. కందిరీగ లేచి, “కల్పించలేదు. మీ కంప్యూటరే తప్పు, అత్తా” అంది.

కంప్యూటర్‌ని తప్పనడం ఒక నేరం. క్లాసులో అత్తా అనడం అంతకన్నా పెద్ద నేరం.

“అందరి ముందూ నన్ను తప్పు పట్టావు, అందరి ముందూ క్షమాపణ చెప్పు” అందట. శనివారం ఓపెన్ హౌస్. తల్లిదండ్రులు, స్కూలు ట్రస్టు పెద్దలు అందరూ వస్తారు. అక్కడే, డిజిటల్ ప్రయోగశాలలోనే చెప్పాలి. చెప్పకపోతే ఈ ఏడాది ప్రాక్టికల్స్‌లో కూర్చోనివ్వరు. పేరు పక్కన ‘కల్పిత రీడింగులు’ అన్న మాట అలాగే ఉండిపోతుంది.

“నువ్వు కల్పించావా?” అని అడిగాను. అడగక తప్పదు.

కందిరీగ నన్ను ఎలా చూసిందంటే, ఆ చూపుకి నేను కూడా క్షమాపణ చెప్పాల్సి వచ్చేది. నా చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి లాక్కెళ్లింది. తాళంకప్ప ఇంకా వేలాడుతూనే ఉంది. నేను కర్టెన్ ఉతకడానికి తీస్తూ, ఇదేంటో అనుకుని పక్కకు తప్పుకున్నాను కూడా.

“టేపు పట్టుకో” అంది.

పట్టుకున్నాను. డిగ్రీలో నేను చదివిందీ ఫిజిక్సే. ఆ సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయారు, ఫ్యూజు పోయినప్పుడు తప్ప. మీటరు దారానికి ఒక పూర్తి ఊపు, అటు వెళ్లి ఇటు వచ్చేసరికి, రెండు సెకన్లు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తాళంకప్ప వెళ్లింది, వచ్చింది. ఫోన్‌లో చూశాను. రెండే. కాస్త అటూ ఇటూ అవుతోంది, చెయ్యి వణికినప్పుడల్లా. నిజంగా తీసిన రీడింగులు అలాగే ఉంటాయి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడవు.

“మరి స్కూలు తెర మీద ఎంత?”

“మూడు దాటుతుంది. అందరికీ అంతే.”

అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. అప్పటిదాకా వచ్చింది కోపానికి రిహార్సల్.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో మేం ఇద్దరం కుర్చీ ఎక్కి ఉన్నాం. ఆయన చేతికి కూడా ఫోన్ ఇచ్చి టైము చూడమన్నాం. చూశారు. “రెండు” అన్నారు. ఎందుకో చెప్పగానే, “మరి కాస్త ఎక్కువే అనుకుంటా” అన్నారు.

“మీ అక్క అనగానే సెకన్లు పెరుగుతాయా?”

“అది కాదే. పిల్ల ఒక్క సారీ చెప్పేస్తే పోతుంది కదా. అక్కకి ఇప్పుడు ట్రస్టు వాళ్లముందు చూపించుకోవాల్సిన అవసరం ఉంది. వైస్ ప్రిన్సిపాల్ పోస్టుకి తన పేరు అనుకుంటున్నారు.”

“నేను చెప్పను” అంది కందిరీగ కుర్చీ మీది నుంచే. “నేను కల్పించలేదు. కల్పించానని చెప్తే, అప్పుడు నేను అబద్ధాలకోరునవుతాను.”

మా ఆయన నావైపు చూశారు. నేను తాళంకప్పవైపు చూశాను. దానికి కూడా ఏమీ తోచలేదు, ఊగుతూ ఉంది.

వదినకి ఫోన్ చేశాను.

“వదినా, మా పిల్ల ఏం చేసిందట?”

“చెప్పే ఉంటుందిగా, తనకి కావలసినట్టు.”

“చెప్పింది. మీకు కావలసినట్టు కూడా విందామని.”

“చూడమ్మాయ్, ఇన్నేళ్లుగా పిల్లల రీడింగులు దిద్దుతున్నాను. చూసి రాసినవేవో, వండినవేవో నాకు వాసన బట్టి తెలిసిపోతుంది.”

“తెలియకేం. ఆ వంట మీ దగ్గరే కదా పుట్టింది.”

విషయమేమిటంటే, వదిన కాలేజీలో నాకు సీనియర్. వాళ్ల తమ్ముడికి నన్ను ఎంచిందీ ఆ కాలేజీ ల్యాబ్‌లోనే. ల్యాబ్‌లో ఆవిడకి గొప్ప పేరు. ముందు పుస్తకంలోని జవాబు చూసుకుని, అక్కణ్నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి రీడింగులు రాసేది. ఒక్క అంకె తప్పేది కాదు. జూనియర్లందరికీ నేర్పింది. నాకే అబ్బలేదు. వంటల్లో నాకు అబ్బనిది అదొక్కటే.

“వండాలనుకుంటే పక్కపిల్లవి చూసి వండుకునేది కదా వదినా? క్లాసంతటితో తేడా వచ్చేలా వండుకోవడానికి దానికేం పట్టింది?”

“తెలివితక్కువ.”

“తెలివితక్కువా, అబద్ధమా? ఏదో ఒకటి ఎంచుకోండి. రెండూ దాని నెత్తినే వేస్తే మొయ్యలేదు.”

“నీకు వెటకారం తగ్గలేదు.”

“మీటరు దారం వదినా. ఒక ఊపుకి ఎంత?”

“తెర మీద మూడూ చిల్లర.”

“తెర మీద కాదు. దారం మీద.”

“ఇప్పుడు నాకు పరీక్ష పెడుతున్నావా?”

“అవును.”

“అది పిల్లలకి బాగా కనబడాలని నెమ్మదిగా పెట్టి ఉంటారు. అయినా ఈ ప్రయోగంలో మనకి కావలసింది గీత. పొడవుకీ, కాలం వర్గానికీ గీత తిన్నగా వస్తోందా? వస్తోంది. నలుసంత వంకర లేదు. మన కాలంలో ఎప్పుడైనా అంత తిన్నగా వచ్చిందా?”

“మీకు వచ్చేది.”

ఫోన్ పెట్టేసింది.

మర్నాడు స్కూలుకి వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు చాలా మర్యాదస్తులు. ఎంత మర్యాదంటే, మనం ఏం చెప్పినా తల ఊపుతారు, ఊపడం అయ్యాక తను అనుకున్నదే చేస్తారు. ఆయన బల్ల మీద కాగితాల కట్ట ఎగరకుండా ఒక ఇత్తడి గుండు పెట్టి ఉంది. పైన చిన్న కొక్కెం. నేను దాన్ని చూడగానే గుర్తుపట్టాను. లోలకం గుండు. ల్యాబ్ ఎత్తేసినప్పుడు దీనికి ప్రమోషన్ వచ్చినట్టుంది.

“పిల్ల చెబుతున్నది నిజమే సార్. ఇంట్లో తీసి చూశాం.”

“తప్పకుండా, తప్పకుండా. కానీ అమ్మా, ఇంట్లో దారం, స్కూల్లో సాఫ్ట్‌వేర్. దేన్ని నమ్మాలో మీరే చెప్పండి.”

“దారాన్ని.”

ఆయన తల ఊపారు. “వెళ్లి చూసుకోండి. మాకు దాచేదేం లేదు. కంప్యూటర్ సార్ ఉంటారు.”

ఆయన గంట కొట్టడానికి అటు తిరిగారు. నేను లేచి నిలబడ్డాను. ఫ్యాను గాలికి కాగితాలు లేచాయి. ఎందుకు లేచాయో ఆయనకి అర్థం కాలేదు. నా హ్యాండ్‌బ్యాగు మాత్రం కాస్త బరువెక్కింది.

డిజిటల్ ప్రయోగశాల చల్లగా, శుభ్రంగా, చెప్పుల స్టాండుతో సహా ఉంది. కంప్యూటర్ సార్ కుర్రవాడే, మంచివాడే. అడగకుండానే గోడ తెర వెలిగించాడు. వదిన కూడా వచ్చింది. ఆ గంట ఆవిడకి క్లాసు లేదు. చేతుల్లో పుస్తకాలతో గుమ్మం దగ్గరే నిలబడింది.

తెర మీద లోలకం. వెనక ఇటుక రంగు నేల, గులకరాళ్లు, పలచటి నారింజ రంగు ఆకాశం. చెట్టూ చేమా లేదు.

“బాగుంది కదమ్మా? మన స్కూలు రంగు” అన్నాడు కంప్యూటర్ సార్. నిజమే, యూనిఫాం ఇటుక రంగు, గేటు ఇటుక రంగు, బ్యానర్లు ఇటుక రంగు.

నేను మీటరు పెట్టమన్నాను. లోలకం కదిలింది. అది ఊగడం కాదు, ఎండలో పని లేనివాడు నడిచినట్టు నడిచింది. తెర మీది గడియారం మూడు దాటించింది. నా ఫోన్‌లో కూడా అంతే. అంటే గడియారం నెమ్మదిగా లేదు. నెమ్మదిగా ఉన్నది లోలకం.

“ఈ ఎర్ర నేల మీరు వేశారా?”

“లేదమ్మా, దాంట్లోనే వస్తాయి. సీనరీలు కొన్ని ఉంటాయి. పచ్చదొకటి, బూడిద రంగు ఒకటి, ఇదీ. ప్రిన్సిపాల్ గారు ఇది పెట్టమన్నారు. బ్యానర్‌కి కలిసిందని.”

“ఆ సీనరీలకి పేర్లు ఉంటాయా?”

“ఉంటాయేమో, చూళ్లేదు. పిల్లలు కెలుకుతారని సెట్టింగులన్నీ తాళం వేసేశాను.”

“ఒక్కసారి తియ్యండి బాబూ. నాకు ఆ పచ్చది చూడాలనుంది.” ఇంత అమాయకంగా నేను పెళ్లిచూపుల్లో కూడా మాట్లాడలేదు.

అతను పాస్‌వర్డ్ కొట్టాడు. చిన్న పెట్టె తెరుచుకుంది. పైన ‘ఎక్కడ’ అని ఉంది. దాని కింద, భూమి. దాని కింద, చంద్రుడు. దాని కింద, అంగారకుడు. టిక్కు అంగారకుడి పక్కన ఉంది.



“సీనరీ అనుకున్నానమ్మా” అన్నాడు కంప్యూటర్ సార్ నెమ్మదిగా. అతన్ని ఏమీ అనలేదు. అతనికి ఫిజిక్స్ రాదు, రావాల్సిన పని లేదు. నేను గుమ్మంవైపు తిరిగాను.

“మీకు వచ్చు కదా వదినా. రెండు సెకన్లని మీకు తెలుసు. నా కన్నా ముందు తెలుసు. ఈ నేల ఏంటి, ఈ లోలకం ఇలా కాళ్లీడుస్తోందేంటి అని ఒక్క రోజు కూడా అనుకోలేదా?”

వదిన తెర వైపే చూస్తోంది. “గీత తిన్నగా వచ్చింది” అంది.

“అంగారకుడి మీద కూడా తిన్నగానే వస్తుంది. ఎక్కడైనా వస్తుంది. ఈ పిల్లలంతా స్కూలు తెరిచినప్పటినుంచీ అంగారకుడి మీద చదువుకుంటున్నారు, మీరు హాజరు మాత్రం భూమ్మీద వేస్తున్నారు. ఒక్క పిల్ల, ఒక్కతే, భూమ్మీద నిలబడి చూసి చెప్పింది. దాన్ని పట్టుకుని అబద్ధాలకోరన్నారు.”

“గొంతు తగ్గించు. పక్కన క్లాసు జరుగుతోంది.”

“ఏ గ్రహం మీద?”

ఈలోపు ప్రిన్సిపాల్ గారు తన గుండు వెతుక్కుంటూనో, నా గొంతు వినో వచ్చారు. కంప్యూటర్ సార్ విషయం చెప్పాడు. ప్రిన్సిపాల్ గారు తెర వైపు తల ఎత్తి చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశారు.

“తేడా చాలానా అమ్మా?”

“భూమ్మీద ఉన్న ఆకర్షణలో మూడో వంతుకి కాస్త పైన.”

“అంటే పూర్తిగా తప్పేం కాదు.”

నేను హ్యాండ్‌బ్యాగు ఇంకో చేతికి మార్చుకున్నాను. దాంట్లో గుండు ఉన్న సంగతి గుర్తొచ్చింది.

“మార్పించేద్దాం” అన్నారాయన. “సోమవారం మార్పించేద్దాం. శనివారం మాత్రం ఇలాగే ఉండనివ్వండి. బ్యానర్లన్నీ ఈ రంగుకే కొట్టించాం. పచ్చది పెడితే కలవదు.”

“మరి మా అమ్మాయి క్షమాపణ?”

“అది వేరమ్మా. అది క్రమశిక్షణ. మేడమ్‌ని క్లాసులో ఎదిరించింది కదా. సాఫ్ట్‌వేర్ సంగతి సాఫ్ట్‌వేర్‌దే, క్రమశిక్షణ సంగతి క్రమశిక్షణదే. వచ్చిన పేరెంట్స్ కూడా చూస్తారు, మన దగ్గర ఎంత పద్ధతిగా ఉంటుందో.” అని వదినవైపు చూశారు. “ఏమంటారు మేడమ్?”

బెల్లు మోగింది. వదిన పుస్తకాలు గుండెకి హత్తుకుని వెళ్లిపోయింది. వెళ్తూ ఒక్కసారి తెరవైపు చూసింది. నావైపు చూడలేదు.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసింది. మా ఆయన బాల్కనీలోకి వెళ్లి మాట్లాడి, ఒక సైజు తగ్గి వచ్చారు.

“అక్క తప్పు కాదంటోంది, సెట్టింగ్ వేరేవాళ్లది. క్లాసులో అన్నమాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటే పిల్లలు రేపటినుంచి మాట వినరట. ఒక్క నిమిషం పని, చెప్పించెయ్యి అంటోంది.”

“ఒక్క నిమిషం పనైతే ఆవిడే చెప్పొచ్చుగా, దానికి.”

“పెద్దది కదే.”

“లోలకానికి పెద్దా చిన్నా ఉండదండీ. దారం ఎంత పొడుగుంటే అంతే.”

ఆయనకి అర్థమైందో లేదో, మంచినీళ్లు తాగారు.

నేను ఆ రోజు చపాతీకర్రతో చపాతీలు ఒత్తుతున్నానని కూడా అనలేను, కొడుతున్నాను. తప్పు కాదు నన్ను మండించింది. తప్పులు నేనూ చూశాను, మా ఇంటి నిండా ఉన్నాయి, ఒకదాన్ని పెళ్లి కూడా చేసుకున్నాను అని ఆయనతోనే సరదాగా అంటుంటాను. తప్పని తెలిసిపోయాక కూడా పిల్లనే తల వంచమనడం, అది నా చేతుల్లోంచి పోవడం లేదు. తెర చెప్పింది కాబట్టి పిల్ల కళ్లు అబద్ధం. తెర అబద్ధమని తేలాక, పిల్ల నోరు తప్పు.

కందిరీగకి మొత్తం చెప్పాను. దాచలేదు. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. వెళ్లి గుమ్మంలోని తాళంకప్పని ఒకసారి ఊపి వచ్చింది.

“చెప్తాను” అంది చివరికి.

“ఏం చెప్తావు?”

“క్షమాపణ.”

“చెప్పక్కర్లేదే. ప్రాక్టికల్స్ పోతే పోనీ, నేనెళ్లి మళ్లీ...”

“చెప్తానన్నాగా అమ్మా.”

ఆ గొంతులో ఏదో ఉంది. హ్యాండ్‌బ్యాగులోంచి ఇత్తడి గుండు తీసి దాని బల్ల మీద పెట్టి, పక్కన దారం ఉండ పెట్టి వచ్చేశాను. ఎక్కడిదని అది అడగలేదు, నేనూ చెప్పలేదు. మా ఇద్దరిదీ ఒకటే రక్తం.

శనివారం ప్రయోగశాల నిండిపోయింది. ముందు కుర్చీల్లో ట్రస్టు పెద్దలు, వెనక తల్లిదండ్రులు, గోడల వెంట పిల్లలు. ఎక్కడ చూసినా ఇటుక రంగు. గోడ తెర మీద అదే ఎర్ర నేల, అదే సోమరి లోలకం ఆగకుండా ఊగుతోంది. వదిన మంచి చీర కట్టుకుంది. మొహం మాత్రం రాత్రంతా పేపర్లు దిద్దినట్టు ఉంది. ప్రిన్సిపాల్ గారు మైకు ముందు మాట్లాడారు. యంత్రంలో పొరపాటుకి తావు లేదన్నారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. నేను లేవబోతున్నానని ఆయనకెలా తెలిసిందో.

“ఇక ఒక చిన్న క్రమశిక్షణ విషయం” అని కందిరీగని పిలిచారు.

అది వెళ్లి మైకు ముందు నిలబడలేదు. మైకు స్టాండు అడ్డకడ్డీకి దారం వేసి ముడి కట్టింది. యూనిఫాం జేబులోంచి ఇత్తడి గుండు తీసి, దాని కొక్కేన్ని దారానికి తగిలించింది. ప్రిన్సిపాల్ గారి కళ్లు గుండు మీద నిలిచాయి. ఆయన ముఖంలో, ఎక్కడో చూశానే అన్న బాధ కదిలింది.

“ఆ రోజు నేను మేడమ్‌తో, మీ కంప్యూటర్ తప్పు అన్నాను” అంది కందిరీగ. “అలా అనడం నా పొరపాటు. కంప్యూటర్ తప్పు కాదు. అది అంగారకుడి మీద ఉంది. అక్కడ అది చెప్పింది కరెక్టే. నేను భూమి మీద ఉన్నాను. అందుకే నావి కలవలేదు. ఈ సంగతి తెలియక కంప్యూటర్‌ని తప్పన్నందుకు క్షమించమని కంప్యూటర్‌ని అడుగుతున్నాను.”

అని గుండుని పక్కకి లాగి వదిలింది.

ఆ మాటలు నేను నేర్పలేదు. నేను నేర్పితే ఇంకా ఘాటుగా ఉండేవి, ఇంత బాగుండేవి కావు.

గది గదంతా రెండు లోలకాల్ని చూస్తోంది. తెర మీద ఒకటి, మైకు దగ్గర ఒకటి. పొడవు ఒకటే. తెర మీదిది అటు వెళ్లి ఇంకా ఆలోచిస్తుండగానే, ఇత్తడి గుండు వెళ్లి వచ్చేసి మళ్లీ బయల్దేరుతోంది. గోడ పక్కన ఎవరో పిల్ల కిసుక్కుమంది. ముందు వరసలో ఒక ముసలాయన చెయ్యెత్తారు.

“రెండిట్లో ఏది కరెక్టు?” అన్నారు.

ప్రిన్సిపాల్ గారు మైకు అందుకోబోయి, దానికి గుండు వేలాడుతుండటం చూసి ఆగిపోయారు. అందరూ వదినవైపు తిరిగారు. ఆవిడే కదా ఫిజిక్స్ మేడమ్.

వదిన ముందుకు నడిచింది. చెయ్యి చాపి గుండుని పట్టుకుని ఆపేసింది. తీసేస్తుంది, తీసేసి పక్కన పడేసి పిల్లని కూర్చోమంటుంది అనుకున్నాను. అప్పుడు నేనేం చేసేదాన్నో, ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను. మా ఆయన చెయ్యి మాత్రం మోచేతి మీద అప్పటికే లేదు.

వదిన వంగి ముడిని చూసింది. దారం వెంట వేలు జార్చుకుంటూ కిందికొచ్చింది.

“పొడవు ఎక్కడిదాకా కొలిచావు?”

“కొక్కెం దాకా” అంది కందిరీగ.

“గుండు మధ్యదాకా కొలవాలి. బరువంతా అక్కడుంటుంది.” ఆవిడ ముడి విప్పి, దారం కొంచెం పైకి లాగి, మళ్లీ ముడి వేసింది. ఆ చేతుల్ని నేను కాలేజీలో చూశాను. జవాబు ముందు రాసుకున్నప్పటివి కావు, అంతకు ముందువి, ఇంకా ఆ విద్య నేర్చుకోక ముందువి. “ఇప్పుడు వదులు.”

కందిరీగ వదిలింది.

“ఇది కరెక్టండీ” అంది వదిన ముసలాయనతో. తెరవైపు చూడకుండా, “అది అంగారకుడు” అంది.

ముసలాయన చేతి గడియారం చూసుకుంటూ ఊపులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆయన్ని చూసి వెనకవాళ్లూ. ప్రిన్సిపాల్ గారు వదిన పక్కకి చేరి, గొంతు తగ్గించి, కానీ మైకు ముందే, “మేడమ్, అది నా పేపర్‌వెయిట్ అనుకుంటాను” అన్నారు.

“కాదు సార్” అంది వదిన. “అది ల్యాబ్‌ది.”

వైస్ ప్రిన్సిపాల్ పోస్టు లెక్కల మేడమ్‌కి వచ్చింది. సెట్టింగు భూమికి మారింది, బ్యానర్లు మారలేదు. కందిరీగ పేరు పక్కన ఉన్న మాట తీసేశారు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో ఎక్కడా రాయలేదు.

వదిన దానికి ఇప్పటిదాకా సారీ చెప్పలేదు. నా కోపం కూడా ఇప్పటిదాకా తగ్గలేదు. ఇంటికొస్తుంది, టీ తాగుతుంది, తమ్ముడితో కబుర్లు చెబుతుంది. కందిరీగ అత్తా అంటుంది, ఆవిడ ఊ అంటుంది. నేను టీలో చక్కెర సరిగ్గానే వేస్తున్నాను. అంతకన్నా మంచితనం నా దగ్గర లేదు.

ఆ తాళంకప్పని మాత్రం నేను గుమ్మంలోంచి తీయలేదు. సామాన్ల గది తెరిచే ఉంటోంది, ఉండనీ. వదిన లోపలికి రావాలంటే దాన్ని చేత్తో పక్కకి నెట్టుకుని రావాలి. నెట్టగానే అది ఊగడం మొదలుపెడుతుంది. మొన్న వచ్చినప్పుడు కూడా నెట్టింది, సోఫాలో కూర్చుంది, మా ఆయన ఏదో చెబుతుంటే వింటున్నట్టు తల ఊపింది. చూపు మాత్రం గుమ్మం మీదే ఉంది. నేను టీ కప్పు పట్టుకుని వంటింట్లోంచి చూస్తున్నాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి.

లెక్కపెడుతోంది.

టీ చల్లారనిచ్చాను.